గయ కాదు, గయానా

సామర్లకోట స్టేషనులో గయకు టిక్కెట్టు ఇస్తారు గాని గయానాకు ఇవ్వరు. పలకడంలో తేడా ఒక దీర్ఘమూ, ఒక నాకారమూను. దారిలో తేడా రెండు మహాసముద్రాలు. ఈ వేసవి సెలవుల్లో నేను వెళ్లదలచుకున్నది రెండోదానికి. ఈ సంగతి మా వీధిలో పొక్కిన నాటి నుంచీ నా ప్రాణానికి తెరిపి లేదు.

"మంచిపని చేస్తున్నారు మాస్టారూ. నాన్నగారి పేరు చెప్పి పిండం పెట్టి రండి. ఫల్గుణీ నదిలో నీళ్లుండవు, ఇసక తవ్వుకోవాలి" అన్నారు రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. గయ కాదు బాబాయిగారూ, గయానా అన్నాను. "ఓహో, ఆఫ్రికానా?" అన్నారాయన. అది ఘనా. మా కాలేజీలో భూగోళం తెలిసిన మిత్రుడొకాయన మాత్రం, "దక్షిణ అమెరికాకా! అక్కడ అందరూ స్పానిషే కదా, తెలుగు లెక్చరరుకు అక్కడేం పని?" అన్నాడు. ఆ ఖండంలో ఇంగ్లీషు రాజభాషగా ఉన్న దేశం గయానా ఒక్కటే. పనేమిటన్న ప్రశ్నకు జవాబు మాత్రం అంత తేలిక కాదు. ఈ వ్యాసమంతా ఆ జవాబే.

పిల్లల అట్లాసు తీసి చూడండి. దక్షిణ అమెరికా ఈశాన్యపు భుజం మీద, వెనిజులాకూ సూరినాముకూ మధ్య, అట్లాంటిక్ సముద్రానికి ఎదురుగా ఉంటుంది గయానా. విస్తీర్ణం 2,15,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనం మాత్రం సుమారు ఎనిమిది లక్షలు. మన పాత తూర్పు గోదావరి జిల్లా జనంలో ఆరోవంతు కూడా లేరన్నమాట. ఆ ఉన్నవాళ్లలోనూ పదింట తొమ్మిదిమంది సముద్రపు అంచున ఉన్న సన్నని మట్టి పట్టీ మీదనే కాపురం. తక్కినదంతా అడవీ, నదులూ, జలపాతాలూ.

ఆ మట్టి పట్టీ గురించి చదువుతుంటే నాకు మా ఊరి కాలువగట్టు మీద నడుస్తున్నట్టే ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నేల నీటిమట్టానికి దిగువ. పూర్వం డచ్చివాళ్లు కట్టలు పోయించి, కాలువలు తవ్వించి, దానిని సాగులోకి తెచ్చారు. వాళ్లు "తెచ్చారు" అంటున్నాం గాని, పార పట్టినవాళ్లు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ ఈ లెక్క చెప్పాడు: ఒక్క చదరపు మైలు చెరుకు తోటకు మురుగు పోవడానికి 49 మైళ్లు, నీరు పెట్టడానికీ పడవలు తిరగడానికీ మరో 16 మైళ్లు, మొత్తం 65 మైళ్ల కాలువలు కావలసి వచ్చాయట. ఆ తీరం మీద బానిసలు పారలతో ఎత్తిపోసిన బరువైన తడిమట్టి పది కోట్ల టన్నులట. ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టి పెరిగినవాడికి కాలువ తవ్వకం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. అయినా ఆ అంకె చదివి పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

ఆ కాలువల చివర, సముద్రపు కట్టలో, పెద్ద పెద్ద తలుపులుంటాయి. వాటిని "కోకర్లు" అంటారు. డచ్చి మాట. మా సామర్లకోట కాలువ మీద పనిచేసిన ఒక లస్కరుకు ఆ బొమ్మ చూపించాను. చూసీ చూడగానే, "ఇదేం వింతండి, ఆయ్! సముద్రం పోటు మీదుంటే మురుగు లాగదు కదండి. పాటు పడ్డాక తలుపులెత్తాలి, పోటు రాకముందే దించెయ్యాలి. ఒక్క గంట నిద్దరోతే ఊరు మునిగిపోద్ది" అన్నాడు. గయానా ముఖం ఎన్నడూ చూడని మనిషి, గయానా బతుకు రహస్యాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేశాడు.

ఇక పంచదార సంగతి. డెమెరారా అనేది గయానాలో ఒక నది. రాజధాని జార్జిటౌను ఆ నది ముఖద్వారంలోనే ఉంది. పెద్ద నగరాల బజార్లలో గోధుమరంగు పలుకుల పంచదారకు డెమెరారా అని పేరు వచ్చింది ఆ నది నుంచే. మరి పంచదారకూ సామర్లకోటకూ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. విలియం రాక్స్‌బర్గు అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి 1793 వరకు మా ఊళ్లో ఉద్యోగం చేశాడు. వృక్షశాస్త్రంలో ఉద్దండుడు. ఇక్కడ తోట వేసి మిరియాలూ, నీలిమందూ, కాఫీ వగైరాలు పెంచి చూశాడు. రాజమహేంద్రవరం సర్కారులో మన రైతులు చెరుకు ఎలా వేస్తారు, రసం ఎలా కాస్తారు, బెల్లం ఎలా దించుతారు అన్నది పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. ఆయన కలకత్తా వెళ్లిపోయిన అర్ధశతాబ్దానికి, చెరుకు కోసమే, మన మనుషులు డెమెరారా వైపు ఓడ ఎక్కారు.

ఎందుకు ఎక్కారో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి. బ్రిటిషు సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దయింది. "అప్రెంటిసు" పేరుతో కొంతకాలం ఈడ్చినా, 1838 ఆగస్టు 1 నాటికి ఆ ముచ్చటా తీరింది. చెరుకు తోటలకు కూలీలు కావాలి. జాన్ గ్లాడ్‌స్టన్ అనే తోటల యజమాని, తరవాతి కాలంలో ఇంగ్లండు ప్రధాని అయిన గ్లాడ్‌స్టనుకు తండ్రి, 1836లోనే కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాసి, మనుషులను పంపగలరా అని అడిగాడు. అలా 1838 జనవరిలో విట్బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు కలకత్తా విడిచాయి. విట్బీకి ప్రయాణం 112 రోజులు పట్టింది. రెండు ఓడల్లో కలిపి ఎక్కినవాళ్లు 414 మంది. మే 5న గయానా గడ్డ మీద దిగినవాళ్లు 396 మంది. మిగిలిన 18 మందిని సముద్రం ఉంచుకుంది.

మద్రాసు నుంచి ఓడలు 1845లో మొదలయ్యాయి. అప్పటికి మన గోదావరి సీమ ఎలా ఉందో ఊహించుకోవాలంటే ఇప్పటి పచ్చని చేలను ఒకసారి కళ్లముందు నుంచి తుడిచెయ్యాలి. 1832-33 లో నందన కరువు వచ్చింది. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును తుడిచిపెట్టింది. రాజమహేంద్రవరం జిల్లా జనాభా ఇరవై ఏళ్లలో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేల నుంచి ఐదు లక్షల అరవై ఒక్క వేలకు పడిపోయింది. నది నిండా నీరున్నా పొలంలో చుక్క లేదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో గాని పూర్తి కాలేదు. మద్రాసు ఓడ అంతకు ఏడేళ్ల ముందే లంగరు ఎత్తేసింది. ఏడేళ్లు చరిత్రలో ఒక లెక్క కాదు. ఆకలితో ఉన్నవాడికి ఏడు రోజులే ఎక్కువ.

1838 నుంచి 1917 వరకు గయానాకు వెళ్లిన భారతీయులు సుమారు 2,39,000. అందులో మద్రాసు రేవు నుంచి వెళ్లినవారు దాదాపు 15 వేలు. వాళ్లలో తమిళులూ ఉన్నారు, మన ఉత్తర సర్కారుల తెలుగువాళ్లూ ఉన్నారు. గయానాలో అందరికీ కలిపి ఒకటే పేరు: "మద్రాసీలు". ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లారు. కొందరు తిరిగి వచ్చారు. చాలామంది రాలేదు.

ఇక్కడే మా విద్యార్థి ఒకడు నన్ను ఇరుకున పెట్టాడు. క్లాసులో మాటవరసకు ఈ సంగతులు చెబుతుంటే లేచి నిలబడి, "ఇప్పుడక్కడ తెలుగు మాట్లాడతారాండీ?" అని అడిగాడు. లేదన్నాను. "ఒక్కరు కూడానాండీ?" ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఆ పాత వలసలో మిగల్లేదు. "మరయితే మీరు ఏం చూడ్డానికి వెళుతున్నారండీ?"

ఇరవై ఏళ్లుగా తెలుగు చెప్పుకు బతుకుతున్నవాడిని. ఆ ప్రశ్న నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. మారిషస్ అయితే వేరు. అక్కడా మన కోరంగి పేరు మీద తెలుగువాళ్లను "కొరంగీలు" అన్నారు. అక్కడ ఉగాది చేసుకుంటారు, బడుల్లో తెలుగు చెబుతారు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభ కూడా జరిగింది. అటువంటి చోటికి తెలుగు లెక్చరరు వెళితే పూలదండ వేస్తారు. గయానాలో మన భాష ఎందుకు నిలవలేదంటే లెక్క తేలిగ్గానే తేలుతుంది. రెండు లక్షల ముప్పై తొమ్మిది వేలలో పదిహేను వేలు. అందులో మళ్లీ తమిళమూ తెలుగూ పంచుకోవాలి. ఆ మిగిలినవాళ్లను ఒక తోటకు పదిమంది, ఇంకో తోటకు ఇరవైమంది చొప్పున విదిలించారు. తోటలో మేస్త్రీ మాట ఇంగ్లీషు, పక్క గుడిసె మాట భోజ్‌పురి, గుడిలో పంతులు మాట హిందీ. తల్లి మాట పిల్లవాడికి గడప దాటితే పనికిరాలేదు. పనికిరాని నాణెం ఎంతకాలం జేబులో ఉంచుకుంటాడు?

కాని భాష పోయినంత మాత్రాన అంతా పోయినట్టు కాదని క్రమంగా తెలిసివచ్చింది. అక్కడ మద్రాసీల కాళీమాయి పూజ ఇప్పటికీ జరుగుతుంది. మారియమ్మన్‌ను కొలుస్తారు. వేపమండలు పట్టుకుంటారు. వాయించే వాద్యం పేరు "తప్పు". మన తప్పెట కాక మరేమిటది? సామర్లకోటకు కూతవేటు దూరంలో పెద్దాపురం మరిడమ్మ జాతర ఆషాఢంలో నెల పైగా సాగుతుంది. ఆ జాతరలో డప్పు మోత వింటూ పెరిగిన నాకు, భూమికి అవతలి వైపున, ఒక్క తెలుగు ముక్క రాని కుర్రాడు తప్పు మీద దరువు వేస్తున్నాడంటే, వెళ్లి వినకుండా ఎలా ఉండమంటారు?

పేర్లు కూడా నిలిచాయి. తాత పేరు మనవడి ఇంటిపేరైంది. 2012 నుంచి వెస్టిండీసు తరఫున టెస్టులు ఆడిన స్పిన్ బౌలరు పేరు వీరాసామీ పెర్మాల్. వీరాస్వామి, పెరుమాళ్! 2015 నుంచి 2020 వరకు గయానా ప్రధానమంత్రిగా ఉన్నాయన మోజెస్ నాగముత్తు. బెర్బీసు ప్రాంతంలో విమ్ అనే పల్లెలో పుట్టాడు. అక్కడి మద్రాసీల జీవితం మీద ఒక నవల కూడా రాశాడు. ఈ పేర్లలో ఏది తమిళ ఇంటి నుంచి వచ్చింది, ఏది తెలుగు ఇంటి నుంచి వచ్చింది అన్నది పేరు చూసి తేల్చలేం. ఓడలో గోడలు లేవు కదా.

ఇంతలో మా ఆవిడ జమాఖర్చుల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. "ఏవండీ, టిక్కెట్టుకే రెండు లక్షల పైచిలుకు అంటున్నారు. ఇంటికి సున్నం వేయించి ఆరేళ్లయింది. వంటింటి కప్పు కారుతోంది. ఏ లెక్కలో రాయమంటారు దీన్ని?" అంది. న్యాయమైన ప్రశ్న. తీర్థయాత్ర అనడానికి క్షేత్రం కాదు. చుట్టపు చూపు అనడానికి చుట్టాలు లేరు. ఉద్యోగపు పని అనడానికి ఎవరూ పంపలేదు. చివరికి తనే "చదువు" అన్న పద్దు కింద రాసింది. మావాడి ఇంటర్మీడియట్ ఫీజు పక్కనే నా గయానా ప్రయాణం కూర్చుంది. వంటింటి కప్పు మరో ఏడాది కారుతుంది.

ఇటువంటి ప్రయాణం ఎవరైనా తలపెడితే పనికివస్తాయని, నేను కూడబెట్టిన వివరాలు కొన్ని చెబుతాను.

మొదటిది కాలం. గయానా తీరంలో వానాకాలాలు రెండు. మే నుంచి జులై దాకా ఒకటి, నవంబరు ఆఖరు నుంచి జనవరి దాకా ఒకటి. హాయిగా తిరగాలంటే ఫిబ్రవరి, మార్చి, లేదా ఆగస్టు నుంచి అక్టోబరు. వేడి మన కాకినాడ వేడి కంటే తక్కువే. సముద్రపు గాలి ఆడుతూనే ఉంటుంది. కాని లెక్చరరుకు ఫిబ్రవరిలో సెలవెవరిస్తారు? పైగా మే 5 అక్కడ భారతీయుల రాక దినం. దేశమంతటికీ సెలవు. కాబట్టి ఏప్రిల్ ఆఖరున బయలుదేరి, గొడుగు పట్టుకుని ఆ రోజుకు అక్కడ ఉండాలని నిర్ణయించాను.

రెండోది కాగితాలు. వీసా సంగతి ఢిల్లీలో ఉన్న గయానా హైకమిషనులో ముందే చూసుకోవాలి. ఇక్కడి నుంచి తిన్నగా వెళ్లే విమానం లేదు. లండను మీదుగానో, న్యూయార్కు మీదుగానో వెళ్లాలి. అక్కడ విమానం మారడానికి కూడా ఆయా దేశాల అనుమతి కావాలి. దిగేది జార్జిటౌనుకు 41 కిలోమీటర్ల దూరాన తిమెరి అనే చోట. ఆ విమానాశ్రయానికి చెడ్డీ జగన్ పేరు పెట్టారు. పోర్ట్ మౌరెంట్ తోటలో చెరుకు కూలీల ఇంట 1918లో పుట్టి, పళ్ల వైద్యం చదివి, ఆ దేశానికి అధ్యక్షుడైన మనిషి.

మూడోది అందరూ మరిచిపోయేది: పచ్చజ్వరం టీకా. మన పచ్చకామెర్లు వేరు, ఇది వేరు. దోమ వల్ల వచ్చే జబ్బు. మన ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే ఈ టీకా వేయించుకోవాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జన్మకంతా చాలు. పసుపుపచ్చ పుస్తకం ఒకటి ఇస్తారు. అది లేకుండా గయానా నుంచి తిరిగి వస్తే, మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. వెళ్లడానికి కాదు, ఇంటికి రావడానికి కావలసిన కాగితమన్నమాట. దోమల గురించి వేరే జాగ్రత్తలు కాకినాడ ప్రాంతం వాళ్లకు చెప్పడం అనవసరం.

గడియారం కూడా సర్దుకోవాలి. వాళ్లు మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మా ఆవిడ మధ్యాహ్నం పన్నెండింటికి ఫోను చేస్తే నాకు అక్కడ రాత్రి రెండున్నర. ఈ ముక్క కాగితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటించాను.

ఇక చూడవలసినవి. ఉండేది ఏడే రోజులు. మొదటి రోజు నడుం వాల్చడానికి. రెండో రోజు జార్జిటౌను. 1881లో గడియారపు స్తంభంతో కట్టిన స్టాబ్రోక్ మార్కెట్టు, కర్రతో కట్టిన సెయింట్ జార్జి చర్చి చూడాలి. ఆ చర్చి ఎత్తు 143 అడుగులు. వనంలో ఆ దేశపు పువ్వు విక్టోరియా కలువ ఉంది. ఆకు ఒక్కొక్కటీ పెద్ద పళ్లెమంత. సాయంత్రం సముద్రపు గోడ మీద షికారు. భోజనం సంగతికి వస్తే, అక్కడి హిందువుల పెళ్లిళ్లలో ఏడు రకాల కూరలు తామరాకులో వడ్డిస్తారట. పిలవని పెళ్లికి వెళ్లే అలవాటు నాకు లేదు గాని, తామరాకు విస్తరి మాట చదివినప్పటి నుంచీ మనసు కొంచెం ఊగుతోంది.

ఒక రోజు ఎసెకీబో నది. దాని ముఖద్వారం వెడల్పు ఇరవై మైళ్లు. నది మధ్యలో ఊళ్లకు ఊళ్లున్న లంకలు. రాజమండ్రి వంతెన మీద రైలు ఎక్కినప్పుడల్లా చిల్లర వేసి గర్వంగా కూర్చునే మనకు, ఇది కొంచెం వినయం నేర్పుతుంది.

రెండు రోజులు బెర్బీసు. అసలు ప్రయాణం అక్కడే. విమ్, ఆల్బియన్, పోర్ట్ మౌరెంట్ అన్నీ ఒకే దారిలో ఉన్నాయి. మావాడు ప్రత్యేకంగా చెప్పిన పని ఒకటుంది: పోర్ట్ మౌరెంట్ మైదానం ఫొటో తీసుకురావాలి. రోహన్ కన్హాయ్ 1935లో ఆ ఊళ్లోనే పుట్టాడు. 1958 డిసెంబరు ఆఖరున కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మనమీద 256 పరుగులు కొట్టాడు. అయినా మనవాళ్లకు ఎంత ఇష్టమంటే గావస్కర్ తన కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నాడు. మే 5వ తేదీకి పాల్మైరా అనే చోట వలస వచ్చినవారి స్మారకం దగ్గర ఉండాలని అనుకుంటున్నాను. పాల్మైరా అంటే తాటిచెట్టు. ఈ పేరు నాకు శుభసూచకంగా తోచింది.

ఆ దారిలో చెరుకు మిల్లులు కూడా ఉన్నాయి. 2016, 2017 సంవత్సరాల్లో అక్కడి ప్రభుత్వం కొన్నిటిని మూసేసింది. వేల కుటుంబాలకు పని పోయింది. మరోపక్క 2015లో సముద్రంలో చమురు బయటపడి, 2019 డిసెంబరు నుంచి తీస్తున్నారు. దేశం కళ్లముందే ధనవంతమవుతోంది. చమురు వచ్చిన ఇంట్లో చెరుకు కోసిన ముసలాయన ఏం చేస్తున్నాడన్నది నాకు చూడాలని ఉంది. మిల్లు ఈల ఆగిపోతే ఊరికి ఎలా ఉంటుందో మన జిల్లాల్లోనూ చూసినవాళ్లున్నారు.

కైటూర్ జలపాతాన్ని ఖర్చు చూసి నేనే కొట్టేశాను. 741 అడుగులు ఒక్క దూకున పడే జలపాతమది. చిన్న విమానంలో గంటసేపు అడవి మీద ఎగిరి వెళ్లాలి. మా ఆవిడ మళ్లీ రాసింది. "అంతదూరం వెళ్లి జలపాతం చూడకుండా వస్తే, అడిగినవాళ్లకు నేనేం చెప్పను?" అంది. కప్పు మరో ఆరు నెలలు కారినా ఫరవాలేదట.

మిగిలిన రోజు జార్జిటౌనులో, వాల్టర్ రాడ్నీ పేరు పెట్టిన జాతీయ పత్రాగారానికి. మా విద్యార్థికి నేను చెప్పదలచుకున్న జవాబు అక్కడుంది. ఓడ ఎక్కించేముందు ప్రతి మనిషికీ ఒక చీటీ రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఒంటిమీద మచ్చ, ఊరు, తాలూకా, జిల్లా. రాసిన గుమాస్తాకు మన ఊళ్ల పేర్లు తెలియవు. చెప్పినవాడికి ఇంగ్లీషు తెలియదు. కాకినాడ దొరల కలంలో పడి కోకనాడ అయింది. ఏలూరు ఎల్లోర్ అయింది. మా ఊరు రాక్స్‌బర్గు నాటి కాగితాల్లో శాముల్‌కోటా. పెద్ద ఊళ్ల గతే ఇలా ఉంటే, నలభై గడపల పల్లె గతి ఏమయి ఉంటుంది? ముత్తాత ఊరు ఎక్కడని వెతికే మనవడికి ఎల్లోర్ అన్న మాట దొరికితే, పాపం మహారాష్ట్రలో ఎల్లోరా గుహల దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు.

అందుకని నేనూ మావాడూ రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం తయారు చేస్తున్నాం. 1878లో మోరిసు దొర రాసిన గోదావరి జిల్లా పుస్తకంలోనూ, పాత పటాల్లోనూ మన ఊళ్ల పేర్లకు దొరలు వాడిన వర్ణక్రమం ఒక పక్క, అసలు తెలుగు పేరు ఒక పక్క. మాటలు మాట్లాడే తెలుగు అక్కడ లేకపోవచ్చు. కాని వంకర అక్షరాల వెనక ఉన్న ఊరి పేరును చదవగల తెలుగు ఇక్కడ మన దగ్గర ఉంది. అది పట్టుకుపోతే ఒక్క కుటుంబానికైనా తమ ఊరు దొరకవచ్చు. దొరకకపోనూవచ్చు. ఆ రైల్వే పెద్దాయన గయ అన్నప్పుడు నవ్వాను గాని, తరవాత ఆలోచిస్తే నేను తలపెట్టినదీ అటువంటి పనేననిపించింది. పిండానికి గోత్రమూ పేరూ కావాలి. వీళ్లకు ఊరి పేరు కావాలి.

మా అమ్మకు మొదట్నుంచీ ఈ ప్రయాణం ఇష్టం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి. "సముద్రం దాటిపోయి నువ్వు తినేదేమిటిరా?" అని ఒకటే గొడవ. అక్కడ వరి పండుతుందమ్మా, విదేశాలకు కూడా పంపుతారు అంటే కొంచెం నెమ్మదించింది. మొన్న రాత్రి మేము పుస్తకం రాసుకుంటుంటే వచ్చి మంచం మీద కూర్చుంది. ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే మావాడు చదువుతుంటే వింది.

"మా మేనమామ ఒకాయన రంగం వెళ్లాడ్రా" అంది. నేను ఎప్పుడూ విననిది. "నేను పుట్టకముందు మాట. జపానువాళ్లు బాంబులు వేశారే, అప్పుడు అందరూ నడిచి వచ్చేశారు గాని ఆయన రాలేదు. ఉన్నాడో పోయాడో కబురు లేదు. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ వీధిలో లాంతరు ఆర్పనిచ్చేది కాదు. కిరసనాయిలు దండగని మా తాత కోప్పడితే, నీకు కాదు వాడికి అనేది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మా అమ్మే అంది: "అక్కడ వాళ్లకి వాళ్ల ఊరు చెబుతానంటున్నావు, బాగానే ఉంది. ఊరు దొరికితే, ఆ ఊళ్లోవాళ్లకి ఎవరు చెబుతార్రా? ఇక్కడ కూడా ఎవరో ఒకరు ఎదురుచూసి ఉంటారు కదా."

నూట ఎనభై ఏళ్లయిందమ్మా, ఎదురుచూసినవాళ్లు ఎప్పుడో పోయారు అనబోయి ఊరుకున్నాను. ఏప్రిల్ 27న గౌతమీ ఎక్స్‌ప్రెసు ఎక్కి మే 8న ఇంటికి చేరే పన్నెండు రోజుల కార్యక్రమం కాగితం మీద ఉంది. దానికి పదమూడో రోజు చేర్చాను. ఊరి పేరు ఖాళీగా ఉంచాను. బస్సు ఛార్జీ కింద మా ఆవిడ రెండు వందలు రాసింది.